పెద్ద మాస్టారు కట్టించిన గోడ

మా హైస్కూలుకి ఒకప్పుడు గోడ లేదు. నేను సైన్సు టీచరుగా చేరిన కొత్తలో చుట్టూ ముళ్ళకంచె ఉండేది గానీ, అది పేరుకే కంచె. ఎక్కడ చూసినా మనిషి దూరేంత సందులు. బడికి ఇటుపక్క ఇళ్ళు, అటుపక్క బజారు, బస్టాండు. చుట్టూ తిరిగి పోవాలంటే లారీలు దూసుకుపోయే రోడ్డు వెంట నడవాలి. అందుకని ఊళ్ళో సగం మంది బడి మధ్యలోంచే వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు. నేను మొక్కలు ఆహారం ఎలా తయారు చేసుకుంటాయో చెబుతుంటే కిటికీ అవతల ఆకుకూరల బుట్ట ఒకటి గాల్లో తేలుకుంటూ పోయేది. కిటికీ ఎత్తుగా ఉండడంతో బుట్ట కింద మనిషి కనపడేది కాదు. పిల్లలు గొల్లుమనేవాళ్ళు. "ఇదిగో, పాఠానికి తగ్గ ఆకులు కూడా వచ్చాయి" అని నేనూ నవ్వేదాన్ని.

ఆ బుట్ట కింద మనిషి కూరలమ్మ. అసలు పేరేమిటో ఎవరూ అడిగిన పాపాన పోలేదు. బక్కపల్చటి మనిషి, గొంతు మాత్రం మైకు అక్కర్లేనిది. ఎవడైనా బడి ఎగ్గొట్టి బజార్లో సినిమా పోస్టర్లు చూస్తూ కనబడితే చాలు, చెవి పట్టుకుని లాక్కొచ్చి మా వరండాలో నిలబెట్టేది.

"ఇదిగో టీచరమ్మా, మీ సరుకు. బజార్లో దొరికింది. ఈసారి జాగ్రత్తగా దాచుకోండి" అనేది. ఆ పిల్లాడికి దెబ్బలకన్నా ఆ మాటే ఎక్కువ తగిలేది.

ఎండవేళ ముసలివాళ్ళు ఆఫీసు రూము పక్కన చేరి పేపరు చదువుకునేవాళ్ళు. చేతిపంపు దగ్గర బిందెల చప్పుడు. సాయంత్రమైతే గ్రౌండు నిండా ఆటలు. ఇరుకిళ్ళవాళ్ళు వేసవి సెలవుల్లో పెళ్ళి పందిళ్ళు కూడా అక్కడే వేసుకునేవాళ్ళు. పాఠాల వేళకి బడి మాది, మిగతా వేళ ఊరిది. ఇది ఎవరూ కూర్చుని మాట్లాడుకున్న ఏర్పాటేమీ కాదు, అలా జరిగిపోయేది.

పెద్ద మాస్టారు హెడ్మాస్టరుగా వచ్చింది నేను చేరిన మరుసటేడు. ఆయనది ఈ ఊరే. ఈ బడిలోనే నేల మీద కూర్చుని చదువుకుని, లెక్కల మాస్టారై, ఏ ఊరికి వెయ్యమంటే ఆ ఊరికి వెళ్ళి, తల నెరిశాక ఇక్కడికి తిరిగొచ్చారు. పొడుగాటి మనిషి, తెల్లచొక్కా, ఎండైనా వానైనా చంకలో గొడుగు. బడికి ఎదురు వీధిలోనే ఇల్లు. పిల్లల్లేరు. "నాకు సవతి ఎవరో కాదమ్మా, అదిగో, ఆ బడే" అనేది ఆయన భార్య. ఆవిడ మాటకి దాపరికం లేదు. మొగుడైనా, బడి ఇన్స్పెక్టరైనా ఆవిడకి ఒకటే.

ఊరందరిదీ అన్నాక మంచితోపాటు చెడూ వచ్చి పడుతుంది. పొద్దున్నే వచ్చేసరికి వరండాలో పేకముక్కలు, సిగరెట్ పీకలు. ఒకసారి మేక ఒకటి క్లాసులో దూరి మూడు నెలల పరీక్ష పేపర్లు నమిలేసింది. పిల్లలు మేకని మెచ్చుకున్నారు గానీ పెద్ద మాస్టారికి నవ్వు రాలేదు. ఆ తర్వాత ఒక సోమవారం, ఆరో తరగతి పిల్ల ప్రేయరుకి పరిగెత్తుకొస్తూ పగిలిన సారా సీసా మీద కాలేసింది. పెద్ద మాస్టారు ఆ పిల్లని రెండు చేతుల మీదా ఎత్తుకుని ఆస్పత్రికి పరిగెత్తారు. తిరిగొచ్చేసరికి చొక్కా అంతా నెత్తురు. ఇల్లు ఎదురుగానే ఉంది, మార్చుకు రమ్మని నేనే చెప్పాను. వినలేదు. ఆ చొక్కాతోనే సాయంత్రం దాకా పాఠాలు చెప్పారు.

"గోడ కట్టాలమ్మా. ఇది బడి" అన్నారు ఇంటికి వెళ్తూ.

ఆ మాటలో తప్పుందని అప్పుడు ఎవరికీ అనిపించలేదు. ఇప్పటికీ నాకు అనిపించదు.

గోడ కట్టింది ఊరే. బట్టీ యజమాని ఇటుకలు తోలించాడు. తాపీమేస్త్రి, ఆయన కూతురు మా బడిలోనే చదువుతోంది, పనిలేని రోజుల్లో వచ్చి కూలి మాటెత్తకుండా కట్టాడు. పిల్లలు వరసగా నిలబడి ఇటుకలు చేతులు మార్చారు. ఆడవాళ్ళు పంపు కొట్టి నీళ్ళు పోశారు. కూరలమ్మ కూడా బజారు నుంచి వస్తూ ఖాళీ బుట్టలో ఇసుక మోసింది. "కూరల బరువు దిగిందనుకుంటే ఇసుక ఎక్కింది. నా నెత్తికి సెలవుల్లేవు" అని అందర్నీ నవ్వించింది. వాళ్ళ దారి ఆగిపోకుండా బజారు వైపు ఒక చిన్న గేటు పెడతానని పెద్ద మాస్టారు మాటిచ్చారు. పెట్టారు కూడా. ఆకుపచ్చ రంగు వేయించి, రోజూ పొద్దున్నే తనే వెళ్ళి తీసేవారు.

ఆ తర్వాతి వేసవి సెలవుల్లో పదో తరగతి గదిలో కొత్త ఫ్యాన్లు ఎవరో ఎత్తుకుపోయారు. ఎవరని తేలలేదు. సెలవులయ్యాక మేం వచ్చేసరికి చిన్న గేటుకి తాళం పడింది. తాళంచెవి పెద్ద మాస్టారి జేబులో.

మొదటి రోజే కూరలమ్మ బుట్ట దించి గేటు అవతల నిలబడింది. చేత్తో రేకు మీద తట్టింది. నేనూ పెద్ద మాస్టారూ వెళ్ళాం.

"అయ్యా, తాళం వేసినట్టున్నారు" అంది.

"అవునమ్మా. ఫ్యాన్లు పోయాయిగా."

"నేను తీశానా అయ్యా ఫ్యాన్లు? నా బుట్టలో పడతాయా అవి?"

"నిన్నెవరన్నారు? ఒకరికి తీస్తే అందరికీ తియ్యాలి."

"రోడ్డు చుట్టూ తిరగాలంటే మోకాళ్ళు పట్టేస్తాయి. ఆ లారీలు చూస్తే భయం."

పెద్ద మాస్టారు గొడుగు ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నారు. "బడి బజారుకి అడ్డదారి కాదమ్మా" అన్నారు. గట్టిగా అనలేదు, పాఠం చెప్పినట్టే అన్నారు.

ఆమె బుట్ట వైపు వంగింది. బుట్ట ఎత్తుకోవడానికి ఎవరో ఒకరు చెయ్యి వెయ్యాలి. గేటు మధ్యలో ఉంది, మేం వెయ్యలేకపోయాం. దారిన పోయే మనిషెవరో వచ్చి ఎత్తి పెట్టాడు.

చిన్న గేటుకి తాళం పడ్డాక పెద్ద గేటు కూడా పిల్లలు వచ్చే పోయే వేళల్లోనే తీసేవారు, ఒక్కొక్కటీ ఆగిపోయాయి. బిందెలవాళ్ళు రావడం మానేశారు. పేపరు చదివే ముసలివాళ్ళు టీకొట్టు బల్లల మీదికి మారారు. మేస్త్రి తన కూతురి పెళ్ళికి గ్రౌండు అడిగితే, "ఒకరికిస్తే అందరికీ ఇవ్వాలి" అనే మాటే ఆయనకీ వచ్చింది. గోడ కట్టిన చేతులతోనే ఆయన ఊరవతల హాలు వెతుక్కున్నాడు.

లోపల మాత్రం బడి కళకళలాడింది. పూలమొక్కలు బతికాయి. వరండా అద్దంలా ఉండేది. పదో తరగతి ఫలితాలు బాగా వచ్చాయి, పెద్ద మాస్టారికి ఉత్తమ హెడ్మాస్టరని బహుమతి కూడా వచ్చింది. ఆ రోజు ఆయన ముఖంలో సంతోషం చూసి మేమందరం మురిసిపోయాం. తగిన మనిషికే వచ్చిందనుకున్నాం.

ఒక్కటే తేడా, అదీ నెమ్మదిగా తెలిసింది. బడి ఎగ్గొట్టిన పిల్లల్ని లాక్కొచ్చేవాళ్ళు లేకుండా పోయారు. తొమ్మిదో తరగతి కుర్రాడొకడు స్కూటర్ల షెడ్డులో పనికి కుదిరిపోయిన సంగతి మాకు చాలా రోజులకి గానీ తెలియలేదు. అంతకుముందైతే షెడ్డు యజమానే సాయంత్రం వరండా మీదుగా పోతూ చెప్పేసేవాడు. పెద్ద మాస్టారు షెడ్డుకి వెళ్ళి, "ముందే చెప్పొచ్చు కదయ్యా" అని అడిగితే, "గేటు దగ్గర ఎవరున్నారని చెప్పను సార్?" అన్నాడట.

ఆ రోజుల్లోనే పసుపుపచ్చ బస్సు ఒకటి వీధుల్లో తిరగడం మొదలుపెట్టింది. కొత్త ప్రైవేటు స్కూలుది. దాని యజమాని చదువెంతో నాకు తెలియదు గానీ మాట తీపి. గడపగడపకీ వెళ్ళి, ముసలివాళ్ళని "అత్తయ్యా, బాబాయ్" అని వరసలు కలిపి, అరుగుల మీద కూర్చుని టీ తాగేవాడు. మా బడి పిల్లలు ఒకరి తర్వాత ఒకరు ఆ బస్సెక్కారు. "టైలకీ బూట్లకీ మోజు పడుతున్నారు, వాళ్ళే తిరిగొస్తారు" అన్నారు పెద్ద మాస్టారు. అది వింటూ ఆయన భార్య వంటింట్లోంచే అంది: "ఏవండీ, పిలవని పేరంటానికి ఎవరొస్తారు? ఆయన పిలుస్తున్నాడు, వెళ్తున్నారు."

ఆయన రిటైరయ్యే నాటికి ఆరో తరగతిలో గుప్పెడు మంది మిగిలారు. వాళ్ళలో కూరలమ్మ మనవరాలు ఒకతె. గలగలా మాట్లాడుతూ ఒకచోట కుదురుగా ఉండదని పిల్లలు దాన్ని పిచ్చుక అనేవాళ్ళు. తల్లి లేదు, అమ్మమ్మే పెంచింది. లెక్కలంటే ప్రాణం. పెద్ద మాస్టారు బోర్డు మీద లెక్క రాసి వెనక్కి తిరిగేలోపల పిచ్చుక లేచి నిలబడేది. "కూర్చోవే, మిగతావాళ్ళని కూడా ఆలోచించనీ" అని కసిరేవారు, కళ్ళలో మాత్రం నవ్వు. కూరలమ్మకి తన మీద ఎంత కోపమున్నా మనవరాలిని మాత్రం ఈ బడికే పంపిందని ఆయనకి తెలుసు. ఆ సంగతి ఎప్పుడూ పైకి అనలేదు.

ఆయన వెళ్ళాక రెండేళ్ళు తిరక్కుండానే కబురొచ్చింది. పిల్లలు చాలరు కాబట్టి మా బడిని మూసేసి పెద్ద రోడ్డు అవతలున్న హైస్కూల్లో కలిపేస్తారట. దానికి ముందు ఊరివాళ్ళ అభిప్రాయం వినడానికి ఒక ఆఫీసరు వస్తాడు, బడిలోనే మీటింగు. ఎక్కువమంది వచ్చి వద్దంటే ఆగే అవకాశముంది.

పెద్ద మాస్టారు ఆ సాయంత్రమే మా ఇంటికొచ్చారు. "పదమ్మా, ఇల్లిల్లూ తిరిగి చెబుదాం. నా ఒక్కడి మాట ఎలా ఉంటుందో, నువ్వూ ఉంటే బాగుంటుంది."

రెండు రోజులు తిరిగాం. అందరూ మర్యాదగానే మాట్లాడారు. కుర్చీ వేశారు, మంచినీళ్ళిచ్చారు. "అయ్యో పాపం, మూసేస్తారా? మంచి బడండీ" అన్నారు. "తప్పకుండా వస్తాం మాస్టారూ" అన్నారు. ఆ మర్యాద చూస్తే నాకు గుబులేసింది. మనవాళ్ళు అనుకున్నవాళ్ళతో ఎవరూ అంత మర్యాదగా మాట్లాడరు. టీకొట్టు దగ్గర ముసలివాళ్ళు పేపరు దించారు, మేం చెప్పింది విన్నారు, మళ్ళీ పేపరు ఎత్తారు.

మేస్త్రి ఒక్కడే దాచుకోలేదు. ఇంటి ముందు కూర్చుని తాపీ కడుక్కుంటున్నాడు.

"మాస్టారూ, మీ మీద నాకు గౌరవం ఉంది. నా కూతురు నాలుగక్షరాలు నేర్చిందంటే మీ చలవే. కానీ మీటింగుకొచ్చి ఏం చెప్పను? మా బడి మూసెయ్యొద్దని చెప్పాలి. మా బడి అనే మాట నా నోటికి రావడం మానేసి చాలా కాలమైంది."

"అదేం మాటయ్యా? గోడ కట్టిందే నువ్వు!"

"కట్టాను. కట్టాక బయట ఉండిపోయాను" అన్నాడు మేస్త్రి. ఎత్తిపొడుపుగా అనలేదు. కడిగిన తాపీని గుడ్డతో తుడుచుకుంటూ, జరిగింది చెప్పినట్టు చెప్పాడు.

తిరిగొచ్చేటప్పుడు పెద్ద మాస్టారు ఇంటి ముందు ఆగి, "ఆ పెళ్ళికి గ్రౌండిస్తే ఏం పోయేదమ్మా?" అని అడిగారు. జవాబు కోసం ఆగకుండా లోపలికి వెళ్ళిపోయారు.

మీటింగు రోజు కుర్చీలన్నీ నేనూ అటెండరూ కలిసి గ్రౌండులో వేశాం. పెద్ద మాస్టారు పొద్దున్నే వచ్చి, చిన్న గేటు తాళం తీయించారు. ఏళ్ళ తరబడి తుప్పు పట్టి తాళం రాలేదు. అటెండరు రాయితో కొడితే ఊడింది. గేటు బార్లా తెరిచి పెట్టి, దాని పక్కనే నిలబడ్డారు, వచ్చేవాళ్ళని పిలవడానికి.

వచ్చినవాళ్ళంటే బడిలో మిగిలిన పిల్లలు, మేం నలుగురు టీచర్లం, ముగ్గురో నలుగురో తల్లులు, ఎండకి నీడ వెతుక్కుంటూ వచ్చిన ఒక ముసలాయన. కూరలమ్మ రాలేదు, అది బజారు వేళ. ఆఫీసరు మంచివాడే, కాసేపు ఎదురుచూశాడు. పెద్ద మాస్టారు లేచి మాట్లాడారు. ఈ బడి ఎప్పుడు మొదలైందీ, ఎంతమంది ఇక్కడ చదువుకుని ఏమయ్యారూ, ఆడపిల్లలకి ఆ రోడ్డు దాటడం ఎంత కష్టమో అన్నీ చెప్పారు. అంత బాగా మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. ఆయన కూర్చున్నాక ఆఫీసరు ఖాళీ కుర్చీల వైపు చూసి, మెల్లగా అన్నాడు:

"మీ బాధ నాకు అర్థమైంది మాస్టారూ. కానీ పైవాళ్ళు ఊరు ఏమంది అని అడుగుతారు. నేనేం చెప్పను?"

ఆ వేసవిలోనే బడి మూతపడింది. బెంచీలు లారీ ఎక్కాయి. గదుల్లో ఇప్పుడు బజారు కమిటీ వాళ్ళ గోనెసంచులుంటాయి.

నన్ను రోడ్డవతలి బడికే వేశారు. కొత్త ఏడాది మొదలైన రోజు హాజరు పిలుస్తుంటే పాత పిల్లల్లో చాలామంది పలకలేదు. మగపిల్లలు కొందరు వచ్చారు. ఆడపిల్లల్ని ఆ రోడ్డు దాటించి పంపడానికి ఇళ్ళల్లో ఒప్పుకోలేదు. పిచ్చుక కూడా రాలేదు. సాయంత్రం వెళ్ళి ఆ మాట చెబితే పెద్ద మాస్టారు అన్నం తినలేదని మర్నాడు ఆయన భార్య చెప్పింది. "చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభమమ్మా, అని నేనే నోరు జారాను. అనకుండా ఉండాల్సింది" అని ఆవిడ కళ్ళు తుడుచుకుంది. ఆవిడ కంట నీరు చూడడం నాకదే మొదలు.

తర్వాతి ఆదివారం ఆయన నన్ను వెంటబెట్టుకుని బజారుకి వెళ్ళారు. కూరలమ్మ బుట్టల వెనక కూర్చుని ఉంది. బాగా వంగిపోయింది. పక్కనే పిచ్చుక ఆకుకూర కట్టలు కడుతోంది. మమ్మల్ని చూసి తల దించుకుంది.

పెద్ద మాస్టారు కూరలమ్మ ముందు గొంతుక్కూర్చున్నారు. ఆయన అలా నేల మీద కూర్చోవడం బజారంతా చూసింది.

"అమ్మా, ఆ రోజు నేను గేటు వేసి ఉండాల్సింది కాదు. తప్పు నాదే."

కూరలమ్మ ఆకుల మీద నీళ్ళు చల్లింది. "అప్పుడు తీస్తే బాగుండేదయ్యా" అంది. "ఇప్పుడు నాకు కోపం లేదు. ఏం చేసుకోను కోపం?"

"పిల్లని బడికి పంపు. నేను దగ్గరుండి రోడ్డు దాటిస్తాను. పొద్దున తీసుకెళ్తాను, సాయంత్రం తీసుకొస్తాను."

"మీరు ఎన్నాళ్ళు దాటిస్తారయ్యా? మీకూ నాలాగే మోకాళ్ళున్నాయిగా" అని నవ్వింది. నవ్వు ఆపి, మామూలుగా చెప్పింది: "నాకు చూపు ఆనడం లేదు. తూకం ఎవరు చూస్తారు? టైలరమ్మ కుట్టు నేర్పిస్తానంది, మధ్యాహ్నాలు అక్కడికి పంపుతున్నాను. దాని రాత అంతే అనుకోండి."

"రాత కాదమ్మా" అన్నారు పెద్ద మాస్టారు.

అయినా ఆయన ఊరుకోలేదు. మళ్ళీ ఇల్లిల్లూ తిరిగారు. ఈసారి కుర్చీ వేసినా కూర్చోలేదు, గడప దగ్గరే నిలబడి అడిగారు. కొందరు ఒప్పుకున్నారు. రోజూ పొద్దున్న ఆడపిల్లలు ఆయన ఇంటి ముందు చేరేవాళ్ళు. ఆయన గొడుగు అడ్డంగా చాపి లారీలని ఆపి, కోడి పిల్లల్ని నడిపించుకెళ్ళినట్టు వాళ్ళని దాటించేవారు. మా గేటు దాకా వచ్చి ఆగిపోయేవారు. మా హెడ్మిస్ట్రెస్ ఎన్నిసార్లు లోపలికి పిలిచినా, "పర్లేదమ్మా, ఇక్కడ బాగానే ఉంది" అనేవారు. మూడు వానాకాలాలు అలా నడిచాక మోకాళ్ళు నిజంగానే మొరాయించాయి. అప్పటికి కొందరు పదో తరగతి దాటారు. మిగతావాళ్ళని మేస్త్రి భార్య కొన్నాళ్ళు తీసుకొచ్చింది. ఆ తర్వాత వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. గోడ వల్ల పోగొట్టుకున్న పిల్లల్లో ఎందరు తిరిగి దొరికారంటే, చాలా కొద్దిమంది.

మొన్నామధ్య ఆయన్ని చూడడానికి వెళ్ళాను. చేతికర్ర సాయంతో వీధి చివరిదాకా నడుస్తున్నారట. వసారాలో కూర్చున్నాం. లోపలినుంచి ఆయన భార్య టీ పెడుతున్న చప్పుడు.

"చొక్కా గుండీలు ఊడితే టైలరమ్మ కొట్టుకి వెళ్ళానమ్మా. పిచ్చుకే ఉంది మిషను దగ్గర" అన్నారు.

"ఎలా ఉంది సార్?"

"బాగుంది. బాగున్నాను సార్ అంది. కొట్టు ఇప్పుడు అదే నడుపుతోందట. చేతిలో పని, నోట్లో కబుర్లు, అలాగే ఉంది. నిజంగానే బాగుందేమో. నేనెవర్ని కాదనడానికి?"

చేతికర్రని గోడకి ఆనించారు.

"కానీ నన్ను చూడగానే లేచి నిలబడిందమ్మా. క్లాసులో నిలబడేది చూడు, అలాగే. మిషను మీద గుడ్డ జారి కింద పడిపోయింది, అయినా నిలబడే ఉంది. కూర్చోవే అనాలి. నోరు రాలేదు. చొక్కా, గుండీలు అక్కడే పెట్టేసి వచ్చేశాను."

"మర్నాడు అదే కుట్టి తెచ్చి ఇచ్చి వెళ్ళింది" అంది ఆయన భార్య, టీ గ్లాసులు తెస్తూ. "ఈయన లోపలి గదిలోంచి బయటికి రాలేదు. నిద్రపోతున్నారని అబద్ధం చెప్పాను."

పెద్ద మాస్టారు గ్లాసు అందుకున్నారు. ఆయన వేసుకున్నది ఆ చొక్కాయే అనుకుంటాను, గుండీలన్నీ గట్టిగా ఉన్నాయి. టీ ఊదుకుంటూ కూర్చున్నారు.